ఆటపెట్టెలో వాటాల లెక్క

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద సేద్యం చేసే రైతుకు వాటా అన్న మాటను విప్పి చెప్పనవసరం లేదు. 1967 ఆగస్టులో నీరు వదిలిన నాటి నుండి మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల బ్రతుకు ఆ కాలువతో ముడివడి ఉన్నది. లాల్ బహదూర్ కాలువ అని దానికి పెట్టిన పేరు. తల వద్ద దాని సామర్థ్యం 11,000 క్యూసెక్కులు. జలాశయం ఎంత నిండుగా ఉన్నా అంతకు మించి వదలడానికి వీలు లేదు. కట్ట ఓర్చుకోగలిగినంతే కాలువ మోయగలదు. ఓర్పు తప్పిన చోట ఏమవుతుందో 2022 సెప్టెంబరులో నిడమనూరు మండలం చూసింది. అక్కడ గండి పడి నీరు పొలాల మీదికీ ఊరి మీదికీ మళ్ళింది.

నీరు తక్కువైన ఏడు ఈ లెక్క మరింత కఠినమవుతుంది. అప్పుడు వారబందీ పెడతారు. ఎగువ మేజరుకు షట్టరు ఎత్తితే దిగువ మేజరుకు ఆ మేరకు తగ్గుతుంది. చివరి భూముల రైతు రాత్రివేళ టార్చిలైటు పట్టుకొని కాలువ కట్ట మీద కాపలా కాస్తాడు. మొత్తం పెరగదు, పెంచగలిగినది పంపకంలోని నేర్పు మాత్రమే.

సరిగ్గా ఇటువంటి లెక్కే, అరచేతిలో సగమైనా నిండని ఒక సిలికాన్ పలక మీద, సెకనుకు అనేకసార్లు జరుగుతున్నది. ఆ పలక గేమ్ కన్సోల్ అనే ఆటపెట్టెకు గుండెకాయ. అక్కడ నీటికి బదులు పారేది విద్యుత్తు. దానిని పంచుకొనేవారు ఇద్దరు. ఒకరు ప్రాసెసర్, మరొకరు గ్రాఫిక్స్ చిప్. వీరి మధ్య తగవు ఎందుకు వచ్చింది, దానిని ఎవరు ఏ విధంగా తీర్చారు అన్నది గత ఇరవై ఏళ్ళ సాంకేతిక చరిత్రలో ఆసక్తికరమైన ఘట్టం.

ముందుగా ఆ ఇద్దరి స్వభావం తెలియాలి. ప్రాసెసర్‌ను అష్టావధానితో పోల్చవచ్చు. అవధాని ఎదుట ఎనిమిదిమంది పృచ్ఛకులు కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది, మరొకరు అక్షరాన్ని నిషేధిస్తారు, ఇంకొకరు అప్రస్తుత ప్రసంగంతో దారి మళ్ళిస్తారు. ఏ ప్రశ్నకూ మరొక ప్రశ్నతో పోలిక ఉండదు. ముందటి జవాబు తేలనిదే తరువాతి అడుగు పడదు. ఆటలోనూ ఇటువంటి పని కొల్లలుగా ఉంటుంది. ఆడేవాడు ఏ మీట నొక్కాడు? ఎదురుగా వచ్చే శత్రువు ఇప్పుడు పారిపోవాలా, తిరగబడాలా? విసిరిన బంతి గోడకు తగిలిందా, పక్క నుండి పోయిందా? ఇవన్నీ ఆలోచన అవసరమైన ప్రశ్నలు. ఇక్కడ కావలసినది ఒక్క బుద్ధి వేగం. సూర్యాపేట చేరువనే పిల్లలమర్రి ఉన్నది. ఆ ఊరిపేరే ఇంటిపేరుగా గల పినవీరభద్రుడు జైమిని భారతాన్ని ఒక్క రాత్రిలో పూర్తిచేశాడని ఒక ఐతిహ్యం ప్రచారంలో ఉన్నది. ఐతిహ్యం మాట ఎలా ఉన్నా, ప్రాసెసర్ నుండి ఆశించేది అటువంటి వేగమే.

గ్రాఫిక్స్ చిప్ స్వభావం వేరు. అది నాట్లు వేసే ముఠా వంటిది. మడిలో బారుగా నిలిచిన ఆడవారందరూ ఒకే పని చేస్తారు. వంగి, నారు తీసి, గుచ్చి, ఒక అడుగు వెనక్కు వేస్తారు. ఒకరి కుదురు పాతుకున్నదా లేదా అని తెలుసుకొనే దాకా మరొకరు ఆగనవసరం లేదు. చేతులు ఎన్ని ఎక్కువైతే మడి అంత త్వరగా నిండుతుంది. టెలివిజన్ తెర కూడా ఒక మడే. 3840 నిలువు వరుసలు, 2160 అడ్డు వరుసలు గల తెర మీద 82,94,400 చుక్కలు ఉంటాయి. ప్రతి చుక్కకూ రంగు నిర్ణయించాలి. కదలిక సాఫీగా కనిపించాలంటే సెకనుకు 60 చిత్రాలు కావాలి. అనగా సెకనుకు దాదాపు 50 కోట్ల చుక్కలు. దీనికి అవధాని ప్రతిభ అక్కరకు రాదు. కూలీల బలగం కావాలి.

2020 నవంబరులో విడుదలైన ప్లేస్టేషన్ 5లో ఎనిమిదిమంది అవధానులు ఉన్నారు. అనగా ప్రాసెసర్‌లో ఎనిమిది కోర్లు. గ్రాఫిక్స్ వైపు 36 ముఠాలు, ముఠాకు 64 మంది వంతున మొత్తం 2,304 గణన విభాగాలు పనిచేస్తాయి. ఈ పోలికలో ముఠా అన్నదానిని ఇంజనీర్లు కంప్యూట్ యూనిట్ అంటారు.

ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఎదురుచూడవలసినవారే. ప్రాసెసర్ ఒక్కొక్క చిత్రంలో ఏ వస్తువు ఎక్కడ ఉండాలో నిశ్చయించి పంపితేనే గ్రాఫిక్స్ చిప్ గీయగలదు. సెకనుకు 60 చిత్రాలంటే ఒక్కొక్క చిత్రానికి దొరికే వ్యవధి సెకనులో అరవయ్యవ వంతు, సుమారు 16.7 మిల్లీసెకన్లు. ప్రాసెసర్ ఆలస్యం చేస్తే ముఠా గట్టున కూర్చుంటుంది. ముఠా ఆలస్యం చేస్తే అవధాని పద్యం చెప్పి ఊరక నిలబడతాడు. కోతల కాలంలో మిర్యాలగూడ మిల్లుల ముందు ధాన్యపు ట్రాక్టర్లు బారులు తీరడం చూసినవారికి ఇది కొత్త కాదు. మిల్లు మరపట్టే వేగానికీ ధాన్యం వచ్చే వేగానికీ పొంతన కుదరనప్పుడు ఏదో ఒక చోట నిలుపుదల తప్పదు.

అయితే ఇద్దరికీ అడిగినంత విద్యుత్తు ఇచ్చి, ఇద్దరినీ పూర్తి వేగంతో పరుగెత్తిస్తే సరిపోతుంది కదా అని తోచవచ్చు. అడ్డు వచ్చేది ఉష్ణం. చిప్‌లోని ప్రతి ట్రాన్సిస్టరూ ఒక చిన్న మీట. అది తెరుచుకొని మూసుకొన్న ప్రతిసారీ కొంత విద్యుత్తు ఖర్చవుతుంది. ఖర్చయినదంతా చివరకు వేడిగానే బయటపడుతుంది. ఈ ఖర్చు పౌనఃపున్యానికి అనుపాతంలోనూ, వోల్టేజి వర్గానికి అనుపాతంలోనూ పెరుగుతుందని భౌతికశాస్త్రం చెబుతున్నది. ఇక్కడే చిక్కు ఉన్నది. పౌనఃపున్యం పెంచాలంటే మీటలు మరింత చురుకుగా కదలాలి. అందుకు వోల్టేజి కూడా పెంచాలి. రెండూ కలిసి పెరిగేసరికి ఖర్చు స్థూలంగా వేగం ఘనాన్ని అనుసరిస్తుంది. వేగాన్ని 10 శాతం పెంచితే విద్యుత్తు సుమారు 33 శాతం పెరుగుతుంది. ఈ లెక్కకు రెండవ ముఖం కూడా ఉన్నది. వేగాన్ని మూడున్నర శాతం తగ్గించుకొంటే చాలు, విద్యుత్తు దాదాపు పది శాతం మిగులుతుంది. కొద్దిపాటి త్యాగానికి ఇంత పెద్ద ప్రతిఫలం లభించడం ప్రకృతిలో తరచుగా కనిపించదు. తరువాతి కథ అంతా ఈ రెండవ ముఖం మీదనే ఆధారపడి ఉన్నది.

వేడిని లెక్కచేయకపోతే ఏమవుతుందో మైక్రోసాఫ్ట్ సంస్థకు ఖరీదైన పాఠం దొరికింది. 2005 నవంబరులో ఆ సంస్థ ఎక్స్‌బాక్స్ 360 విడుదల చేసింది. అందులో ఐబీఎం సంస్థతో కలిసి రూపొందించిన ప్రాసెసర్, ఏటీఐ సంస్థ రూపొందించిన గ్రాఫిక్స్ చిప్ వేర్వేరు పలకల మీద ఉండేవి. కొన్ని నెలలకే ఫిర్యాదులు మొదలయ్యాయి. పెట్టె ముందుభాగంలో ఆకుపచ్చగా వెలగవలసిన వలయంలో మూడు ఎర్ర దీపాలు వెలుగుతాయి, ఆట ఆగిపోతుంది, యంత్రం మరి లేవదు. ఆడుకొనేవారు దానిని మృత్యువలయం అని పిలిచారు. 2007 జులైలో మైక్రోసాఫ్ట్ వారంటీని మూడేళ్ళకు పొడిగించి, మరమ్మతుల నిమిత్తం వంద కోట్ల డాలర్లకు పైగా కేటాయించవలసి వచ్చింది. కారణమేమిటో 2021లో ఆ సంస్థే వెలువరించిన డాక్యుమెంటరీలో వివరించారు. ఆడుతున్నప్పుడు చిప్ వేడెక్కుతుంది, ఆపినప్పుడు చల్లబడుతుంది. వేడికి వ్యాకోచం, చలికి సంకోచం. పదే పదే ఇలా జరిగేసరికి లోపలి సన్నని లోహపు అతుకులు విరిగిపోయాయి. ఎండకు బీటలు వారే చెరువు కట్టను చూసినవారు ఈ వివరణను వెంటనే పోల్చుకోగలరు.

2010లో వచ్చిన కొత్త నమూనాలో మైక్రోసాఫ్ట్ ప్రాసెసర్‌నూ గ్రాఫిక్స్ చిప్‌నూ ఒకే పలక మీదికి చేర్చింది. విద్యుత్తు వాడకం సగానికి పైగా తగ్గింది. ఇందులో ఒక విచిత్రం ఉన్నది. పక్కపక్కన చేరడంతో ఇద్దరి మధ్య కబురు మునుపటికన్నా వేగంగా అందే అవకాశం వచ్చింది. మరొకరైతే సంతోషించేవారు. కాని ఇంజనీర్లు బుద్ధిపూర్వకంగా ఆ దారిలో ఒక ఆలస్యాన్ని అమర్చారు. పాత పెట్టెలో ఆడేవానికీ కొత్త పెట్టెలో ఆడేవానికీ ఆట ఒకే విధంగా నడవాలి అన్నది వారి నియమం. కన్సోల్‌కూ మామూలు కంప్యూటర్‌కూ ఉన్న అసలు తేడా ఇదే. కంప్యూటర్ ఎవరి స్తోమతను బట్టి వారిది. కన్సోల్ ధర్మం సమానత్వం. ఈ నియమం పదేళ్ళ తరువాత మళ్ళీ చర్చకు వచ్చింది.

ఒకే పలక మీదికి చేరడం వల్ల మరొక పరిణామం కూడా కలిగింది. అప్పటి దాకా ఇద్దరివీ వేర్వేరు కుండలు. ఇప్పుడు ఒకే పొయ్యి, ఒకే కుండ. ఒకరు తక్కువ తిన్నప్పుడు మిగిలినది రెండవవారికి వడ్డించే వీలు ఏర్పడింది. అయినా 2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4 గాని, ఎక్స్‌బాక్స్ వన్ గాని ఆ వీలును వాడుకోలేదు. ఇద్దరి వేగాలనూ ముందే నిర్ణయించి బిగించారు. విడుదలకు ముందు ఎక్స్‌బాక్స్ వన్ రూపకర్తలకు ఒక సందేహం వచ్చింది. పన్నెండు ముఠాల చేతి వేగం పెంచడమా, లేక అదనంగా మరి రెండు ముఠాలను దింపడమా? పరీక్షించి చూసి మొదటి దారినే ఎంచుకొన్నారు. గ్రాఫిక్స్ వేగాన్ని 800 మెగాహెర్ట్జ్ నుండి 853కూ, ప్రాసెసర్ వేగాన్ని 1.6 గిగాహెర్ట్జ్ నుండి 1.75కూ పెంచారు.

బిగించిన వేగాల పద్ధతిలో ఒక జూదం దాగి ఉన్నది. కన్సోల్ ఏడెనిమిదేళ్ళు మార్కెట్లో ఉంటుంది. ఆ కాలంలో రాబోయే ఆటలు దానిని ఎంత కష్టపెడతాయో ఈనాడే ఊహించాలి. ఆ ఊహ ప్రకారం ఫ్యానునూ విద్యుత్తు సరఫరానూ అమర్చాలి. ఊహ తక్కువైతే ఫ్యాను హోరెత్తుతుంది, పెట్టె వేడెక్కి ఆగిపోతుంది. ఎక్కువైతే అనవసరంగా ఖరీదు పెరుగుతుంది. ప్లేస్టేషన్ 4 వాడినవారికి ఆ ఫ్యాను హోరు బాగా తెలుసు.

ఇందులో మరొక వింత ఉన్నది. యుద్ధ సన్నివేశాల్లో నిశ్శబ్దంగా ఉన్న పెట్టె, ఆట మధ్యలో దేశపటం తెరిచి చూసేటప్పుడు హోరెత్తేది. పటంలో కదలిక లేదు, సంక్లిష్టత లేదు. అయినా ఎందుకు వేడెక్కాలి? ప్లేస్టేషన్ 4, 5ల ప్రధాన రూపశిల్పి మార్క్ సెర్నీ 2020 మార్చి 18న ఇచ్చిన ఉపన్యాసంలో దీనికి సమాధానం చెప్పాడు. సంక్లిష్ట దృశ్యంలో వేలకొలది చిన్న చిన్న త్రిభుజాలు ఉంటాయి. అటువంటి చోట గణన విభాగాలన్నిటికీ ఏకకాలంలో పని దొరకదు. పటంలో త్రిభుజాలు పెద్దవి, కొద్దివి. అందువల్ల అన్ని విభాగాలూ క్షణం తీరిక లేకుండా పనిచేస్తాయి. ముఠా భాషలో చెప్పాలంటే, వంకర టింకర చిన్న మళ్ళలో గట్లు దాటడానికే సగం పొద్దు పోతుంది. నాలుగెకరాల చదును మడిలో నడుము ఎత్తే అవకాశం ఉండదు. చూపుకు తేలికగా కనిపించే పని ఒంటికి తేలిక కాదు.

అదే ఉపన్యాసంలో సెర్నీ పాత పద్ధతిని తలకిందులు చేశాడు. వేగాన్ని బిగించి విద్యుత్తును దాని ఇష్టానికి వదలడం పాత పద్ధతి. విద్యుత్తును బిగించి వేగాన్ని కొద్దిగా వదులు చేయడం కొత్త పద్ధతి. కాలువ సామర్థ్యం ముందే తెలిసినప్పుడు కట్టను దానికి తగినట్లు కట్టుకోవచ్చు. ఇక వరద ఎంత వస్తుందో అని జాతకం చూడనక్కరలేదు. పాత పద్ధతిలోనే నడిస్తే ప్రాసెసర్‌ను 3 గిగాహెర్ట్జ్ వద్ద నిలపడం కూడా తలనొప్పిగా ఉండేదని, గ్రాఫిక్స్ చిప్‌కు 2 గిగాహెర్ట్జ్ అందని లక్ష్యమయ్యేదని ఆయన చెప్పాడు. కొత్త పద్ధతిలో ప్రాసెసర్ 3.5 వరకు, గ్రాఫిక్స్ చిప్ 2.23 వరకు పోగలిగాయి. బరువు మీద పడిన క్షణాల్లో మాత్రం వేగం కొద్దిగా దిగుతుంది. వేగం కొంచెం దిగితే విద్యుత్తు చాలా మిగులుతుందన్న ఘనపు లెక్క ఇక్కడ ఆదుకొంటుంది.

ఇక వాటా మార్పిడి. దీనికి ఏఎండీ సంస్థ స్మార్ట్‌షిఫ్ట్ అని పేరు పెట్టింది. ఈ సంస్థకు హైదరాబాదులోనూ పరిశోధన కేంద్రం ఉన్నది; సూర్యాపేట, కోదాడల మీదుగా పోయే 65వ జాతీయ రహదారి మీద బస్సెక్కి ఆ నగరానికి చేరుకొన్న ఇంజనీరింగు పట్టభద్రులకు చిప్‌ల రూపకల్పన అపరిచితమైన వృత్తి కాదు. ప్లేస్టేషన్ 5లో స్మార్ట్‌షిఫ్ట్ పని ఈ విధంగా ఉంటుంది. ప్రాసెసర్ తన వాటా విద్యుత్తును పూర్తిగా వాడుకోని క్షణంలో, మిగిలినది గ్రాఫిక్స్ చిప్‌కు మళ్ళుతుంది. ఎగువ మేజరు కింద నాట్లు పూర్తయి మళ్ళు నిండి ఉన్నప్పుడు షట్టరు దించి దిగువకు వదలడం వంటిదే ఇది. తేడా ఒక్కటే. కాలువ మీద లస్కరు వచ్చి షట్టరు దించాలి. ఇక్కడ ఆ పని మనిషి కంటికి అందనంత వేగంతో జరిగిపోతుంది. ప్రాసెసర్‌కు వాటా చాలనప్పుడు తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది తప్ప, గ్రాఫిక్స్ వాటాలో చేయి పెట్టదు. ఎక్కువ ఆటల్లో తెర మీది చుక్కలే భారమైన పని కనుక ఈ ఏర్పాటు సబబుగానే తోస్తుంది.

మైక్రోసాఫ్ట్ 2020లో పాత దారినే నడిచింది. అప్పటికి ఆ సంస్థకు ముఖ్య కార్యనిర్వహణాధికారి హైదరాబాదులో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ళ. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లో 52 ముఠాలు ఉన్నాయి, చేతి వేగం మాత్రం 1.825 గిగాహెర్ట్జ్ వద్ద స్థిరం. ప్రాసెసర్ వేగం కూడా స్థిరం. ఎక్కువమందిని పెట్టి నింపాదిగా పనిచేయించడం వీరి దారి; తక్కువమందిని పెట్టి చురుకుగా పనిచేయించడం సోనీ దారి. పలక మీద స్థలం ఉచితంగా దొరకదు. సిరీస్ ఎక్స్ చిప్ వైశాల్యం 360 చదరపు మిల్లీమీటర్లు, అందులో 1,530 కోట్ల ట్రాన్సిస్టర్లు. వైశాల్యం పెరిగిన కొద్దీ తయారీ ఖర్చు పెరుగుతుంది. సోనీ స్థలంలో పొదుపు చేసి ఆ లోటును వేగంతో పూడ్చుకొన్నది.

విడుదలకు ముందు ఈ రెండింటి మీద పెద్ద వాదమే జరిగింది. ఒకరిది 12.15 టెరాఫ్లాప్‌లు, మరొకరిది 10.28. సెకనుకు ఎన్ని లక్షల కోట్ల లెక్కలు చేయగలదో చెప్పే కొలత అది. ఆ రెండు సంఖ్యలే పట్టుకొని గెలుపోటములు తేల్చినవారు అనేకులు. పద్యాల సంఖ్యను బట్టి ప్రబంధం గొప్పదనం నిర్ణయించినట్లు ఉన్నది ఆ తీర్పు. తీరా ఆటలు వచ్చాక, రెండు యంత్రాల మీదా విడుదలైన ఆటల్లో చాలావాటికి తేడా వెతికి చూస్తే తప్ప కనిపించలేదు. కొన్నింటిలో తక్కువ సంఖ్య గల యంత్రమే ఒక అడుగు ముందున్నది. స్థిరవేగపు మార్గంలో ఆట రాసేవారికి నిశ్చింత ఎక్కువ. అది చిన్న లాభం కాదు. కాని విద్యుత్తును ముందు నిర్ణయించుకొని మిగిలినదంతా దానికి అనుగుణంగా తీర్చుకోవడంలో దూరదృష్టి ఎక్కువ.

వేగం మారుతుందని చెప్పగానే కొందరు ప్రోగ్రామర్లకు ఒక భయం పట్టుకొన్నది. ఇంటింటికీ ఆట మారిపోతుందేమో! చల్లని గదిలో ఉన్నవాని యంత్రం వేగంగా, వేడి గదిలో ఉన్నవాని యంత్రం మందకొడిగా నడిస్తే, 2010లో అంత శ్రమపడి కాపాడిన సమానత్వం ఏమి కావాలి? ఈ భయం సూర్యాపేట, మిర్యాలగూడల విషయంలో మరింత నిజమైనది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. మే నెలలో ఇక్కడ పగటి ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీలకు చేరడం అరుదు కాదు. రేకుల కప్పు కింది గది సంగతి చెప్పనక్కరలేదు. అటువంటి గదిలో కూర్చొన్న పిల్లవానికీ, మంచు కురిసే జపాన్ ఉత్తర దీవిలోని పిల్లవానికీ ఒకే ఆట దక్కుతుందా?

దక్కేటట్లే ఏర్పాటు చేశారు. ప్లేస్టేషన్ 5లో వేగాన్ని నిర్ణయించేది ఉష్ణమాపకం కాదు. చిప్‌లో ఏ విభాగం ఎంత పని చేస్తున్నదో లెక్కించే ఏర్పాటు లోపలే ఉన్నది. ఆ పనికి ఒక ప్రమాణ చిప్ ఎంత విద్యుత్తు తీసుకొంటుందో ముందే నిర్ణయించిన పట్టిక ఉన్నది. ఆ పట్టిక ప్రకారమే వేగం మారుతుంది. కర్మాగారం నుండి వచ్చిన ఏ రెండు చిప్‌లూ అచ్చంగా ఒకే విధంగా ఉండవు; ఒకటి కొంచెం ఎక్కువ తాగుతుంది, ఒకటి కొంచెం తక్కువ. ఆ తేడాలను లెక్కలోకి తీసుకోరు. కనుక ఒకే ఆటలో ఒకే ఘట్టానికి వచ్చేసరికి ప్రపంచంలోని ప్లేస్టేషన్ 5 యంత్రాలన్నీ ఒకే వేగంతో నడుస్తాయి. వేడిని తరిమే పని ఫ్యానుది. 120 మిల్లీమీటర్ల వ్యాసం గల ఫ్యాను, చిప్‌కూ లోహపు ఫలకానికీ నడుమ ద్రవలోహపు పూత ఇందుకే అమర్చారు.

అయితే ఈ సమానత్వానికి ఒక హద్దు ఉన్నది. గది ఉష్ణోగ్రత 5 డిగ్రీల నుండి 35 డిగ్రీల మధ్య ఉండాలని తయారీదారు సూచిస్తున్నాడు. 2021 ఫిబ్రవరి 2న ఈ యంత్రం భారతదేశంలో 49,990 రూపాయల ధరతో విడుదలైంది. ఆ ధర పెట్టగలిగిన ఇంట్లో ఏసీ కూడా ఉంటుందని వారి నమ్మకం కావచ్చు! ఏసీ లేని గదిలో, గాలి ఆడని చెక్క అలమరలో పెట్టి మే నెల మధ్యాహ్నం ఆడితే, పట్టిక ఏమి చెప్పినా వేడి ఊరుకోదు. యంత్రం వేగాన్ని తగ్గించుకొని నెట్టుకు రాదు. హెచ్చరిక చూపి ఆగిపోతుంది. పట్టికలో లేని వర్షం కురిసినప్పుడు కాలువ గతి కూడా ఇంతే.

వాటా ఎప్పుడూ గ్రాఫిక్స్ వైపే పోవాలన్న నియమం లేదు. 2017లో వచ్చిన నింటెండో స్విచ్ చేతిలో పట్టుకొని ఆడే యంత్రం. 2019లో దాని సాఫ్ట్‌వేర్‌లో ఒక మార్పు చేశారు. ఒక ఘట్టం పూర్తయి మరొక ఘట్టం తెర మీదికి వచ్చే లోపు కొంతసేపు నిరీక్షణ ఉంటుంది. అప్పుడు గీయవలసిన బొమ్మ దాదాపు ఏమీ లేదు. మూటలు విప్పి సరుకు సర్దే పని మాత్రం ప్రాసెసర్‌కు కొండంత ఉన్నది. కనుక ఆ కొద్ది సమయం గ్రాఫిక్స్ వేగాన్ని అడుగంటా దించి, ప్రాసెసర్ వేగాన్ని 1.02 గిగాహెర్ట్జ్ నుండి 1.785కు ఎత్తారు. యంత్రం మారలేదు, బ్యాటరీ మారలేదు. నిరీక్షణ మాత్రం తగ్గింది. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ ఇంకొక అడుగు ముందుకు వేసి షట్టరు తాళం ఆడేవానికే ఇచ్చింది. దాని చిప్ మొత్తం వాటా 15 వాట్లు, ఒక ఎల్‌ఈడీ ట్యూబులైటు వెలగడానికి కావలసినంత. బ్యాటరీ ఎక్కువసేపు రావాలనుకొన్నవాడు ఆ వాటాను తానే తగ్గించుకోవచ్చు.

ఇంతవరకు చెప్పిన పెట్టెలు కోదాడ బజారులో గాని, సూర్యాపేట వీధుల్లో గాని అంతగా కనిపించవు. ఇక్కడి ఆటపెట్టె మొబైల్ ఫోనే. 2021లో వచ్చిన బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా వంటి ఆటలు ఆడేవారికి వాటాల తగవు ప్రతిరోజూ అనుభవంలోకి వస్తున్నది, దాని పేరు తెలియకపోయినా. ఫోనులోనూ ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ ఒకే పలక మీద ఉంటాయి. కాని ప్లేస్టేషన్ 5 ఆట సమయంలో సుమారు 200 వాట్లు వాడుకోగా, ఫోను నాలుగైదు వాట్లకు మించి ఎక్కువసేపు భరించలేదు. ఫ్యాను లేదు; వేడి పోవడానికి దారి వీపు మాత్రమే, అది కూడా ఆడేవాని అరచేతిలో ఉంటుంది. కనుక ఫోను ప్రమాణ పట్టికను నమ్ముకోదు, ఉష్ణమాపకాన్నే నమ్ముకొంటుంది. మొదటి పది నిమిషాలు ఇద్దరికీ ధారాళంగా పంచుతుంది. వీపు కాలడం మొదలవగానే షట్టర్లు దించుతుంది. సెకనుకు 60గా ఉన్న చిత్రాలు 40కి, ఇంకా కిందికి జారుతాయి. తెర వెలుగు దానంతట అదే మందగిస్తుంది. ఎదుటివాడు కనబడేసరికి గుండు తగిలి ఉంటుంది. ఆడేవాడు నెట్ సిగ్నల్‌ను తిడతాడు. తప్పు చాలాసార్లు సిగ్నల్‌ది కాదు, మే నెలది.

ఛార్జింగ్ పెట్టి ఆడినప్పుడు ఈ స్థితి మరింత త్వరగా వస్తుంది. బ్యాటరీ నిండేటప్పుడు పుట్టే వేడి కూడా అదే వీపు నుండి పోవాలి. దళసరి రబ్బరు తొడుగు ఉన్న ఫోనుకు ఆ ఒక్క దారీ మూసుకుపోతుంది. తొడుగు తీసి, ఛార్జర్ ఊడదీసి, ఫ్యాను గాలికి బల్ల మీద బోర్లా పెడితే కొన్ని నిమిషాల్లో షట్టర్లు మళ్ళీ లేస్తాయి. తొందరపడి ఫోనును ఫ్రిజ్‌లో పెట్టేవారు కూడా ఉన్నారు. చల్లబడిన లోహాన్ని తిరిగి గదిలోకి తెచ్చినప్పుడు మంచినీళ్ళ చెంబు మీద పట్టినట్లే దాని మీదా నీటి బిందువులు పడతాయి, కొన్ని లోపల కూడా.